గడ్డం కింద రెండు వేళ్లు

గడ్డం ఎత్తు, తెమూలెన్.
పట్టీకీ నీ గొంతుకీ నడుమ
నా రెండు వేళ్లు దూరాలి,
మూడోది దూరకూడదు.
నాకెవరూ చెప్పని లెక్క ఇది.
మెడ కింది ఎముక వంకరగా అతుక్కున్నాక
నాకు నేనే నేర్చుకున్నాను.

గుడారం గుమ్మంలో గొంబో తాత
ముక్కుపొడుం పీలుస్తూ నవ్వుతున్నాడు.
"మా రోజుల్లో నెత్తిన ఆకాశం పెట్టుకుని ఎక్కేవాళ్లం,
వీడికి గిన్నె బోర్లించారు!"
నవ్వు తాతా.
నీ తమ్ముడి పేరు మాత్రం
ఏ పండగ నాడూ ఎత్తవు నువ్వు.
పెట్టె వెనక అతని చిన్న జీను,
ఏడేళ్ల వాడికి సరిపోయేది,
ఇంట్లో ఎవరూ దుమ్ము దులపరు,
ఎవరూ పారెయ్యరు.

ఆ రబ్బరు చెప్పులు విప్పు.
మడమ ఉన్న బూట్లు ఇవిగో.
మడమ లేని కాలు రికాబులోంచి అటువైపు దూసుకుపోతుంది,
పోయిన కాలు ఇటు రాదు,
గుర్రం నీకోసం ఆగదు.
చేతులెత్తు. ఈ మందపు చొక్కా
పక్కింటి బట్‌జర్గల్ తొడిగి విడిచింది,
పక్క పట్టీలు చివరిదాకా లాగితే గానీ
నీ పక్కటెముకల్ని పట్టుకోలేదు.
వీపు మీద పదిహేడు.

"అక్కా, ఇది పెట్టుకుంటే నా పాట నాకే వినపడట్లేదు."
నీకెందుకు?
గుర్రానికి వినపడితే చాలు. పాడు,
గీంగో, గీంగో అంటూ
మిగతా పిల్లలతో కలిసి చుట్టూ తిరుగు.

అవ్వ వచ్చి జేగురు గుర్రం తోక మొదట్లో,
రికాబుల మీద,
గుర్రప్పాలు చిలకరించింది.
ఒక్క క్షణం తటపటాయించి
శిరస్త్రాణం మీదా చల్లింది.
చుక్కలు ప్లాస్టిక్ మీద నిలవలేదు,
జర్రున జారి వాడి చెవిలో పడ్డాయి.

ఇరవై కిలోమీటర్ల అవతలినుంచి
ముందు దుమ్ము వచ్చింది.
తర్వాత డెక్కలు.
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది మా జేగురుది,
పగ్గాలు నేల మీద ఈడుస్తూ,
ఖాళీ జీనుతో.

గెలుపు గుర్రానిది, సవారీది కాదు. రూలు అదే.
అందరూ మూగారు. చెమట తాకితే అదృష్టమని
చేతులు చాపారు, టోపీలు ఎగరేశారు.
పొగడ్తలు చదివేవాడు మైకు అందుకున్నాడు.
తాత చెమట తాకలేదు.
కొత్త మోటార్‌సైకిల్ అంటే ఇనుప మేక అని
ఏనాడూ ఎక్కనివాడు,
నా వెనక కూర్చుని
నా మెడ ఎముక వంకరని గట్టిగా పట్టుకుని
"పోనీ, పోనీ" అన్నాడు.

పందికొక్కంత ఎలుకలు తవ్విన బొరియ పక్కన
తెమూలెన్ కూర్చుని ఉన్నాడు.
గడ్డిపరక నములుతున్నాడు.
మోచెయ్యి గీరుకుపోయి రక్తం, ముక్కు నిండా మట్టి.
మమ్మల్ని చూసీ చూడగానే
"ఎన్నోది?" అన్నాడు.
నాలుగన్నాను. అప్పుడు ఏడ్చాడు,
మూడు రాలేదని.

పట్టీ నేనే విప్పాను.
వెనకనుంచి కుడి చెవిదాకా పగులు,
ఏప్రిల్‌లో నది మీది మంచుకి పడే పగులు లాంటిది.
తాత దాన్ని రెండు చేతులా అందుకున్నాడు,
పెద్దలిచ్చిన పాలగిన్నెని అందుకున్నట్టు.
పగులు వెంట బొటనవేలు నడిపాడు,
మొదటినుంచి చివరికి,
చివరినుంచి మొదటికి.
ఏమీ అనలేదు.

రాత్రి వాడికి పతకం కట్టారు, గుర్రానికి నీలం పట్టు.
"రేపు కూడా ఇదే పెట్టుకుంటా, జిగురు పూయండి" అన్నాడు వాడు.
కుదరదురా. అది ఒక్కసారే కాస్తుంది.
పైకి బాగున్నట్టే కనపడుతుంది,
లోపల తన పని అయిపోయి ఉంటుంది.

పొయ్యిలో పిడకలు చల్లారాక
అలికిడైతే కళ్లు తెరిచాను.
తాత కళ్ళేనికి కట్టే తోలుతాడుతో
నిద్రపోతున్న తెమూలెన్ తల కొలుస్తున్నాడు.
తెల్లారితే రెండు గొర్రెలు తోలుకుని సంతకు పోతాడట.
నుదుటి మీదుగా చుట్టి ముడి వేశాడు.
తర్వాత గడ్డం కిందికి తెచ్చి
ఆగిపోయాడు.
నేను మేలుకున్నానని ఎలా తెలిసిందో,
నావైపు తిరక్కుండానే
గుసగుసగా అడిగాడు:
"ఎన్ని వేళ్లన్నావే?"